ఉపగ్రహాలకు ఇంధనం: దారిఖర్చుల లెక్క

2019 డిసెంబరులో ఇంటెల్‌శాట్ సంస్థ బాగా పనిచేస్తున్న తన ఉపగ్రహం ఒకదాన్ని సేవల నుంచి తప్పించి, భూమితో పాటే తిరుగుతూ నేల మీది నుంచి ఒకేచోట నిలిచినట్టు కనిపించే భూస్థిర కక్ష్యకు సుమారు 300 కిలోమీటర్ల పైన, పనైపోయిన ఉపగ్రహాలను వదిలేసే శ్మశాన కక్ష్యకు తరలించింది. ఆ ఉపగ్రహం పేరు ఇంటెల్‌శాట్ 901. ఎగిరింది 2001లో. పద్దెనిమిదేళ్లు దాటినా సంకేతాలను అందుకుని తిరిగి పంపే దాని ట్రాన్స్‌పాండర్లు పనిచేస్తూనే ఉన్నాయి. అడుగంటింది ఇంధనం ఒక్కటే. 2020 ఫిబ్రవరి 25న నార్త్‌రప్ గ్రమ్మన్ వారి ఎంఈవీ-1 అనే నౌక అక్కడికి చేరి, దాని ఇంజను నాజిల్‌లోకి ఒక కడ్డీ దూర్చి గట్టిగా పట్టుకుంది. ఏప్రిల్ మొదటికల్లా రెండూ ఒకటై కిందికి దిగి, 27.5 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద మళ్లీ సేవలు మొదలుపెట్టాయి.

ఈ మొత్తం వ్యవహారంలో ఒక్క చుక్క ఇంధనం కూడా చేతులు మారలేదు. ఎంఈవీ-1 తన సొంత ఇంజన్లతో, తన సొంత ఇంధనంతో ఆ పాత ఉపగ్రహాన్ని అయిదేళ్లు మోసింది. 2025లో దాన్ని తిరిగి శ్మశాన కక్ష్యలో వదిలి, ఆస్ట్రేలియాకు చెందిన ఆప్టస్ డీ3 దగ్గరికి వెళ్లింది. ఉపగ్రహానికి ఇంధనం పోయడం కన్నా దాన్ని వీపున మోసుకు తిరగడమే తేలికని లెక్క తేలిందన్నమాట. పోయడం కష్టం కాబట్టి అలా తేలిందని సాధారణంగా చెబుతుంటారు. అది సగమే నిజం. మిగతా సగం ఎవరి దగ్గరికి, ఎప్పుడు, ఏ దారిన వెళ్లాలనే ప్రణాళికలో ఉంది. అక్కడ లెక్క తప్పితే ఎంత గొప్ప పంపు, ఎంత నేర్పున్న రోబో చెయ్యి ఉన్నా దండగే.

పోయడం అనే పని నిజానికి పాతదే. సోవియట్ ప్రోగ్రెస్ నౌక 1978లోనే సల్యూట్-6 కేంద్రం ట్యాంకులు నింపింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి ప్రోగ్రెస్ నౌకలు నేటికీ ఆ పని చేస్తున్నాయి. 2007లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా ఆర్బిటల్ ఎక్స్‌ప్రెస్ పేరిట రెండు ఉపగ్రహాలను పంపి, మనిషి చెయ్యి లేకుండానే ఒకదాని నుంచి మరోదానికి హైడ్రజీన్ అనే ఇంధనాన్ని మార్చింది. 2017లో చైనా తియాన్‌జౌ-1 నౌక తియాన్‌గాంగ్-2 అంతరిక్ష ప్రయోగశాలకు ఇంధనం నింపింది. ఇవన్నీ విజయాలే. అయితే అన్నింటిలోనూ ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఒకదానికొకటి సరిపడేలా ముందే తయారయ్యాయి, ఒకే దారిలో తిరిగాయి. బయట కక్ష్యల్లో ఉన్న వేలాది ఉపగ్రహాలకు ఆ రెండు అదృష్టాలూ లేవు.

ముందు దారి సంగతి. అంతరిక్షంలో దూరాన్ని కిలోమీటర్లలో కొలిస్తే ఏమీ తెలియదు. వేగాన్ని ఎంత మార్చుకోవాలన్నదే అసలు కొలత. ఇంజనీర్లు దాన్ని డెల్టా-వి అంటారు. 500 కిలోమీటర్ల ఎత్తున తిరిగే రెండు ఉపగ్రహాలు ఒకదాన్నొకటి రాసుకుపోయేంత దగ్గరగా దాటవచ్చు. కానీ వాటి కక్ష్యల వాలు, అంటే భూమధ్యరేఖతో చేసే కోణం, పది డిగ్రీలు తేడా ఉంటే, ఒకదాని నుంచి మరోదాని దగ్గరికి వెళ్లడానికి సెకనుకు 1.3 కిలోమీటర్ల డెల్టా-వి కావాలి. ఆ ఎత్తున ఉపగ్రహం సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. అంత వేగాన్ని కాస్త పక్కకు తిప్పడమే అక్కడి ఖర్చంతా.

ఇది ఎంత భారమో ఒక ఊహా ట్యాంకరుతో చూడవచ్చు. ఖాళీ బరువు 1,000 కిలోలు, మోసుకెళ్లే హైడ్రజీన్ 1,000 కిలోలు అనుకుందాం. అదే హైడ్రజీన్‌ను సొంత ఇంజనులోనూ మండిస్తుంది. ఇలాంటి ఇంజను నుంచి వాయువు సుమారు సెకనుకు 2.2 కిలోమీటర్ల వేగంతో వెలువడుతుంది. ఆ లెక్కన పది డిగ్రీల వాలు మార్చుకునేసరికి దాదాపు 890 కిలోలు దారిలోనే ఖర్చయిపోతాయి. ఖాతాదారుకు పోయడానికి మిగిలేది 110 కిలోలు. అది పోశాక వెనక్కి రావడానికి ఏమీ ఉండదు. అసలుకే ఎసరు.

వాలు ఒకటే ఉన్నా కక్ష్యా తలం, అంటే కక్ష్య పరుచుకున్న చదును, వేరే దిక్కుకు తిరిగి ఉంటే పరిస్థితి ఇంకా ఘోరం. 550 కిలోమీటర్ల ఎత్తున, 53 డిగ్రీల వాలుతో, ఒకదానికొకటి 90 డిగ్రీలు ఎడంగా తిరిగిన రెండు తలాల మధ్య నేరుగా మారాలంటే సెకనుకు 8 కిలోమీటర్లకు పైనే డెల్టా-వి కావాలి. నేల మీది నుంచి కొత్త రాకెట్ పంపినా ఇంచుమించు అంతే పని.

అయితే ఇక్కడ భూమే ఒక సాయం చేస్తుంది. భూమి నడుము దగ్గర కాస్త ఉబ్బి ఉండటం వల్ల కక్ష్యా తలాలు కదలకుండా ఉండవు, రోజూ కొద్దికొద్దిగా తిరుగుతుంటాయి. తక్కువ ఎత్తున ఉన్నవి ఎక్కువ జోరుగా తిరుగుతాయి. కాబట్టి ట్యాంకరు 550 నుంచి 400 కిలోమీటర్లకు దిగి కూర్చుంటే, పై తలంతో పోలిస్తే రోజుకు ఒక డిగ్రీలో మూడో వంతుకు కాస్త ఎక్కువగా జరుగుతుంది. 90 డిగ్రీల తేడా 250 రోజుల్లో దానంతటదే పూడుతుంది. దిగడానికి, మళ్లీ ఎక్కడానికి కలిపి సెకనుకు 170 మీటర్ల లోపే ఖర్చు. ఎనిమిది కిలోమీటర్ల పని 170 మీటర్లతో తీరుతుంది, కానీ ఎనిమిది నెలలు ఆగాలి. దిగువ కక్ష్యల్లో ఇంధన యాత్రకు ప్రణాళిక వేయడమంటే చాలావరకు ఈ ఆగడానికి క్యాలెండరు రాయడమే. ఆ ఎత్తుల్లోని చిన్న ఉపగ్రహాలు చాలామటుకు కొన్నేళ్లకే పాతబడతాయి కాబట్టి, ఎనిమిది నెలలు ఆగి, పోసి, మళ్లీ ఆగడం వ్యాపారంగా నిలబడటం అనుమానమే.

అందుకే ఈ రంగంలో దృష్టంతా 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్న భూస్థిర కక్ష్య మీదే. అక్కడ ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖకు సరిగ్గా పైన, దాదాపు ఒకే తలంలో, ఒకే వలయంలో వరుసగా ఉంటాయి. వేగం కూడా సెకనుకు 3.07 కిలోమీటర్లే. ఒక డిగ్రీ వాలు మార్చుకోవాలన్నా సెకనుకు 54 మీటర్ల డెల్టా-వి చాలు. మన ఊహా ట్యాంకరుకు అది 48 కిలోల ఖర్చు.

ఒకే తలంలో పక్కకు జరగడం ఇంకా చవక. భూస్థిర కక్ష్య కన్నా 78 కిలోమీటర్లు కిందికి దిగితే చాలు, ట్యాంకరు రోజుకు ఒక డిగ్రీ చొప్పున తూర్పుకు జరుగుతూ పోతుంది. దిగడానికి, గమ్యం దగ్గర మళ్లీ పైకెక్కి ఆగడానికి కలిపి సెకనుకు 5.7 మీటర్లు. అంటే 60 డిగ్రీల అవతల ఉన్న ఖాతాదారు దగ్గరికి 60 రోజుల్లో వెళ్లాలంటే దాదాపు 5 కిలోల ఇంధనం. అదే పది రోజుల్లో రమ్మంటే 34 మీటర్లు, 31 కిలోలు. వేగం ఆరింతలయితే ఖర్చూ ఆరింతలు. ఖాతాదారు ఎంత ముందుగా పిలిస్తే అంత చవకని దీని అర్థం. టిక్కెట్టు ముందే కొనుక్కునే రైలు ప్రయాణికుడికి తెలిసిన సంగతే ఇది.

భూస్థిర వలయం కూడా కాగితం మీద గీసినంత చదునుగా ఉండదు. సూర్యచంద్రుల ఆకర్షణ ఉపగ్రహాల వాలును ఏటా డిగ్రీకి కాస్త తక్కువగా పెంచుతూ ఉంటుంది. దాన్ని సరిదిద్దడానికే ఏటా సెకనుకు 50 మీటర్ల డెల్టా-వి ఖర్చవుతుంది. తూర్పు పడమరల జారుడును ఆపడానికి రెండు మీటర్లు చాలు. కాబట్టి ఇంధనం తగ్గుతున్న కొద్దీ యజమానులు చేసే మొదటి పొదుపు ఉత్తర దక్షిణ దిద్దుబాటు మానేయడం. ఉపగ్రహం ఆకాశంలో రోజూ పైకీ కిందికీ ఊగుతుంది, నేల మీద యాంటెన్నాలు దాని వెంట తిరగాల్సి వస్తుంది, అయినా ఆదాయం వస్తూనే ఉంటుంది. ఇంధనం కోసం ఎదురుచూసే ఖాతాదారుల్లో ఇలా వాలిపోయినవి ఉండటం సహజం. నాలుగేళ్లు వాలనిచ్చి పిలిస్తే మూడు డిగ్రీల తేడా పూడ్చుకుంటూ ట్యాంకరే వెళ్లాలి. అది 160 మీటర్ల పైమాట. పొదుపు చేసినది ఖాతాదారు, బిల్లు పడేది ట్యాంకరు మీద.

తూర్పు పడమరల జారుడుకూ ఒక చిత్రమైన భూగోళం ఉంది. భూమధ్యరేఖ పూర్తి వృత్తం కాకపోవడం వల్ల, వదిలేసిన ఉపగ్రహాలు 75 డిగ్రీల తూర్పు, 105 డిగ్రీల పశ్చిమ రేఖాంశాల వైపు జారి, వాటి చుట్టూ ఏళ్ల తరబడి అటూ ఇటూ ఊగుతుంటాయి. అందులో మొదటిది ఇంచుమించు భారతదేశపు రేఖాంశమే. మన ఉపగ్రహాలుండే 74 డిగ్రీల స్థానం దానికి ఆనుకునే ఉంది. ఇక్కడ నిలబడటం చవక, కానీ చచ్చినవి కూడా ఇక్కడికే వచ్చి తచ్చాడతాయి. ఈ ప్రాంతంలో ట్యాంకరు నడపాలంటే ఆ ఊగేవాటి సమయాలూ లెక్కలోకి రావాలి.

ఒకరి కన్నా ఎక్కువ మంది ఖాతాదారులుంటే ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలన్న ప్రశ్న వస్తుంది. గణితంలో ఊరూరా తిరిగే వర్తకుడి సమస్య పాతదే, కానీ ఇక్కడ ఊళ్లే కదులుతుంటాయి, దారి ఖర్చు రోజును బట్టి మారుతుంది, పైగా బండి బరువు దారి పొడుగునా తగ్గుతూ ఉంటుంది. బరువు ప్రకారమైతే ఎక్కువ ఇంధనం పుచ్చుకునే ఖాతాదారుకే ముందు పోయడం మేలు, ఆ తరువాతి ప్రయాణమంతా తేలికవుతుంది. కానీ ఆచరణలో ఈ సూత్రం ఎక్కువగా ఓడిపోతుంది. ఎవరి ట్యాంకు ముందు ఎండుతుందో వాళ్ల దగ్గరికే ముందు వెళ్లాలి.

ఎవరి ట్యాంకు ఎప్పుడు ఎండుతుందో చెప్పడం తేలికైతే ఇంత చిక్కే లేదు. భారరహిత స్థితిలో ఇంధనం ట్యాంకు అడుగున నిలవదు, కాబట్టి మట్టం చూసే మీటరు ఉండదు. ఉపగ్రహాన్ని కదిపే చిన్న ఇంజన్లు, థ్రస్టర్లు, ఎన్ని క్షణాలు మండాయో మొదటి రోజు నుంచి కూడుకుంటూ వచ్చి మొత్తంలోంచి తీసేయడం ఒక పద్ధతి. ట్యాంకులోని వాయువు పీడనం, ఉష్ణోగ్రతల నుంచి లెక్కకట్టడం మరో పద్ధతి. ట్యాంకును వేడిచేసి ఎంతసేపట్లో వేడెక్కిందో చూడటం ఇంకో పద్ధతి. పదిహేనేళ్లు కూడుకుంటూ వచ్చిన చిన్న చిన్న పొరపాట్లు చివరికి నెలల ఆయుష్షుకు సమానమవుతాయి. మరోవైపు ఇంధనం పూర్తిగా అయిపోయేదాకా ఆగడానికి వీల్లేదు. అయిపోతే ఉపగ్రహం తన ముఖం భూమి వైపు నిలుపుకోలేదు, గింగిరాలు తిరిగే దాన్ని పట్టుకోవడం ఏ ట్యాంకరుకైనా ప్రమాదమే. శ్మశాన కక్ష్యకు పోవడానికి కావలసిన సెకనుకు 11 మీటర్ల డెల్టా-వి ఎప్పుడూ నిల్వ ఉండాలి. అందుకే తెలివైన ప్రణాళిక ట్యాంకులో ఏడాదికి సరిపడా ఉండగానే పిలుస్తుంది. ఆ ఏడాదిలో ట్యాంకరు ఆలస్యమైనా తట్టుకోవచ్చు, నిదానంగా చవక దారిలో రమ్మనవచ్చు.

ఇంత లెక్క వేసి దగ్గరికి చేరాక మూత దగ్గర కథ అడ్డం తిరుగుతుంది. ప్రయోగానికి ముందు రక్షణ దుస్తులు వేసుకున్న సాంకేతికులు ఉపగ్రహంలో ఇంధనం నింపి, వాల్వు మూసి, పైన మూతలు బిగించి, అవి వదులు కాకుండా తీగ చుట్టి, ఆపైన వేడి కాచే దుప్పటి కప్పుతారు. మళ్లీ ఎవరూ తెరవరన్న నమ్మకంతో చేసే పని అది. 2013లో నాసా అంతరిక్ష కేంద్రం మీద డెక్స్‌టర్ అనే రోబోతో నమూనా పెట్టె మీది తీగ కోసి, మూతలు తీసి, ఇంధనం బదులు కొద్దిపాటి ఇథనాల్ ఎక్కించి ఇది సాధ్యమేనని నిరూపించింది. ఆ ధైర్యంతోనే 1999లో ఎగిరిన భూపరిశీలన ఉపగ్రహం ల్యాండ్‌శాట్-7కు ఇంధనం పోసే నాసా ప్రాజెక్టు ఓసామ్-1 నడిచింది.

ఆ ప్రాజెక్టు ఏమైందో ప్రణాళికలు వేసేవాళ్లు తప్పక చదవాలి. ఖర్చు తడిసి మోపెడైంది. మొత్తం 205 కోట్ల డాలర్లు దాటవచ్చని, గడువు 2026 డిసెంబరును దాటుతుందని నాసా అంతర్గత తనిఖీ విభాగం 2023లో హెచ్చరించింది. 2024 మార్చి 1న నాసా ప్రాజెక్టును ఆపేస్తున్నట్టు ప్రకటించింది. సాంకేతిక చిక్కులు, ఖర్చు, ఆలస్యంతో పాటు మరో కారణం కూడా చెప్పింది: ఇంధనం పుచ్చుకునే ఏర్పాటు లేని ఉపగ్రహాలకు పోయాలన్న ఆలోచన నుంచే ఈ రంగం పక్కకు జరిగిపోయిందని, జతకట్టే భాగస్వామి దొరకలేదని. దీనికి తోడు ల్యాండ్‌శాట్-7 స్థానాన్ని తీసుకోవడానికి 2021లోనే ల్యాండ్‌శాట్-9 ఎగిరింది. ట్యాంకరు తయారయ్యేలోపు ఖాతాదారే పదవీ విరమణ వయసుకు వచ్చేసిందన్నమాట. ఒకే ఒక్క ముసలి ఉపగ్రహం కోసం, అదీ భూసమీప ధ్రువ కక్ష్యలో ఉన్నదాని కోసం, ఇంత పెద్ద నౌక కట్టడం మొదటి నుంచీ సరికాని ఎంపికే అనిపిస్తుంది. మూత తీయగలమని నిరూపించడం ఒకటి, ఆ మూత తీయడం లాభసాటి అని నిరూపించడం మరొకటి.

ఇప్పుడు పరిశ్రమ దృష్టి ముందే అమర్చే వాల్వుల మీదికి మళ్లింది. ఆర్బిట్ ఫ్యాబ్ అనే అమెరికన్ కంపెనీ రాఫ్టీ అనే పోర్టును, అంటే ఇంధనం ఎక్కించే మూతిని, తయారు చేసింది. 2021లో తెన్‌జింగ్ అనే చిన్న ట్యాంకరును హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కక్ష్యకు పంపింది. నార్త్‌రప్ గ్రమ్మన్ దగ్గర వేరే పోర్టు ఉంది. ఇక్కడే అసలు పీటముడి. ట్యాంకరు ఉంటుందన్న భరోసా లేనిదే ఉపగ్రహ యజమాని పోర్టు పెట్టించడు. పోర్టులున్న ఉపగ్రహాలు లేనిదే ట్యాంకరుకు పెట్టుబడి రాదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. పైగా ఏ ఇంధనం మోసుకెళ్లాలన్నది మరో తికమక. హైడ్రజీన్ ఒక్కటే వాడేవి కొన్ని, ఇంధనంతో పాటు దాన్ని మండించే ఆక్సీకరణి కూడా కావలసినవి కొన్ని, జినాన్ వాయువుతో విద్యుత్ థ్రస్టర్లు నడిపేవి కొన్ని. మూడింటినీ ఒకే ట్యాంకరులో పెడితే బరువంతా ట్యాంకులకే పోతుంది.

ధరల సంగతి కూడా చూడాలి. ఆర్బిట్ ఫ్యాబ్ 2022లో భూస్థిర కక్ష్యలో 100 కిలోల హైడ్రజీన్‌ను 2 కోట్ల డాలర్లకు అందిస్తామని ధర ప్రకటించింది. కిలో 2 లక్షల డాలర్లు. ఖాళీ బరువు రెండు టన్నులుండి హైడ్రజీన్‌తో నడిచే ఉపగ్రహానికి ఏటా 50 మీటర్ల దిద్దుబాటుకు 45 కిలోల దాకా పడుతుంది, అంటే 100 కిలోలు రెండేళ్లకు కాస్త పైన. ఏడాదికి సుమారు 90 లక్షల డాలర్లు. ఎంఈవీ సేవకు ఇంటెల్‌శాట్ ఏటా 1 కోటీ 30 లక్షల డాలర్ల దాకా చెల్లిస్తోందని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. కాగితం మీద ఇంధనమే చవక. కానీ ఎంఈవీకి పోర్టు అక్కర్లేదు, పెద్ద భూస్థిర ఉపగ్రహాల్లో చాలావాటికి ఉండే ఇంజను నాజిల్ చాలు. పాత ఉపగ్రహం థ్రస్టర్లు అరిగిపోయినా ఫరవాలేదు. ఇంధనం పోస్తే ఆ అరిగిన థ్రస్టర్లతోనే నడవాలి. కక్ష్యలో ఇప్పటికే ఉన్న తరానికి మోత, రాబోయే తరానికి పోత అన్న పంపకం ఈ లెక్కల్లోంచే వచ్చింది.

చివరి వంద మీటర్ల ప్రయాణం దారిఖర్చులో చాలా చిన్న భాగం, ప్రమాదంలో చాలా పెద్ద భాగం. మొదటి ఎంఈవీ కలయికను శ్మశాన కక్ష్యలో పెట్టింది అందుకే. ఏదైనా విరిగి చెల్లాచెదురైతే ఆ ముక్కలు వందల కోట్ల డాలర్ల ఆస్తులున్న వలయంలో పడకూడదు. ఆ అనుభవం వచ్చాక 2021 ఏప్రిల్‌లో ఎంఈవీ-2 నేరుగా భూస్థిర కక్ష్యలోనే ఇంటెల్‌శాట్ 10-02ను పట్టుకుంది. తిరుపతి జిల్లా శ్రీహరికోట నుంచి 2024 డిసెంబరు 30న ఇస్రో పంపిన స్పేడెక్స్ కూడా ఇదే క్రమశిక్షణ చూపింది. 220 కిలోల చొప్పున ఉన్న ఆ జంట ఉపగ్రహాలు 475 కిలోమీటర్ల ఎత్తున దగ్గరవుతూ, నిర్ణీత దూరాల దగ్గర ఆగి చూసుకున్నాయి. ఒకసారి మూడు మీటర్ల దాకా వచ్చి, వెనక్కి తగ్గి, సమాచారమంతా పరిశీలించాక 2025 జనవరి 16న కలిశాయి. తేదీలు జరిగినప్పుడు సామాజిక మాధ్యమాల్లో కొందరు నిరాశపడ్డారు గానీ, వెనక్కి తగ్గే అవకాశం ముందే రాసిపెట్టుకోవడమే ఇలాంటి యాత్రలో మంచి ప్రణాళికకు గుర్తు. స్పేడెక్స్‌లో మారింది విద్యుత్తు మాత్రమే, ద్రవం కాదు. ఇంధనం దాకా వెళ్లాలంటే ఇంకా చాలా పని ఉంది. అయినా దగ్గరికి చేరి పట్టుకోగల దేశాల జాబితా చాలా చిన్నది, అందులో భారత్ చేరింది.

ఈ వ్యాపార లెక్కలన్నింటినీ పక్కకు నెట్టేసే ఖాతాదారు ఒకరున్నారు, సైన్యం. అమెరికా స్పేస్ ఫోర్స్ తన నిఘా ఉపగ్రహాలు ఇంధనం గురించి వెనకాడకుండా కావలసినప్పుడల్లా కదలాలని కోరుకుంటోంది. ఆ సంస్థ కోసం ఆస్ట్రోస్కేల్ కంపెనీ అమెరికా శాఖ ఒక హైడ్రజీన్ ట్యాంకరును తయారు చేస్తోంది. చైనా 2025 జనవరిలో షిజియన్-25 ఉపగ్రహాన్ని ఇంధన భర్తీ, ఆయుష్షు పొడిగింపు ప్రయోగాల కోసమంటూ పంపింది. ఆ ఏడాది మధ్యలో అది భూస్థిర కక్ష్యలో షిజియన్-21తో కలిసిపోయినంత దగ్గరగా కనిపించిందని నేల మీది నుంచి గమనించేవాళ్లు చెప్పారు. 2022లో పనికిరాని బెయ్‌డౌ అనే చైనా దిక్సూచి ఉపగ్రహాన్ని శ్మశాన కక్ష్యకు లాక్కెళ్లింది ఈ షిజియన్-21 ఉపగ్రహమే.

సైనిక ఖాతాదారు తన తరువాతి స్థానం ముందుగా చెప్పడు. కాబట్టి 60 రోజుల నిదానపు దారి వేసుకునే వీలుండదు, వరుసక్రమం రాసుకునే వీలూ ఉండదు. ట్యాంకరు ఎప్పుడూ పది రోజుల జోరుకు సరిపడా సొంత ఇంధనం దాచుకుని ఉండాలి, లేదా వలయంలో రెండు మూడు చోట్ల నిల్వ డిపోలు పెట్టి దగ్గరున్నది కదలాలి. మొదటి పద్ధతిలో అమ్మగలిగే సరుకు తగ్గుతుంది. రెండో పద్ధతిలో ఎవరూ అడగని ఇంధనం ఏళ్ల తరబడి అక్కడే పడి ఉంటుంది, దాన్ని అక్కడ నిలబెట్టడానికి కూడా ఏటా 50 మీటర్ల లెక్కన కొంత ఖర్చవుతూనే ఉంటుంది. ఆ ఖర్చు భరించేది ప్రస్తుతానికి రక్షణ బడ్జెట్లే. భూస్థిర కక్ష్యలో మొదటి డిపోలు ఎక్కడ వెలుస్తాయో వాణిజ్య ఉపగ్రహాల రద్దీని బట్టి కన్నా నిఘా అవసరాలను బట్టే తేలే అవకాశం ఎక్కువ.